ఆల్గోయ్ కొండల్లో సెప్టెంబరు నడక: నాగెల్‌ఫ్లూ కొండ వెన్ను, గ్రుంటెన్, పెద్దవాళ్లతో వెళ్లగల దారులు

గుండ్లకమ్మ, స్టుట్‌గార్ట్
అందరికీ నమస్కారం. సెప్టెంబరు రెండో వారంలో గుంటూరు నుంచి మా అత్తమామలు వస్తున్నారు. అదే వారం మా తమ్ముడు బెర్లిన్ నుంచి వస్తాడు. నాలుగు రోజులు దక్షిణ జర్మనీలోని కొండల ప్రాంతమైన ఆల్గోయ్‌లో గడుపుదామని ఇమెన్‌ష్టాట్‌లో ఇల్లు మాట్లాడుకున్నాం. కారు లేదు, రైళ్లూ బస్సులే. తమ్ముడికి మిట్టాగ్ కొండ నుంచి హోఖ్‌గ్రాట్ శిఖరం వరకు నాగెల్‌ఫ్లూ కొండ వెన్ను మొత్తాన్ని ఒక్క రోజులో నడవాలని ఉంది. నేనూ వెళ్తాను. మామయ్యగారు ఇప్పటికీ రోజూ తెల్లవారుజామున నాలుగైదు కిలోమీటర్లు నడుస్తారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పి. ఆ వెన్ను దారి మాకు తగినదేనా? పెద్దవాళ్లకు ఏ దారులు బాగుంటాయి? అక్కడ నడిచినవాళ్లు చెప్పండి.

ఎత్తుపల్లాలు, కెంప్టెన్
మంచి కాలం ఎంచుకున్నారు. సెప్టెంబరులో ఉరుములు తగ్గుతాయి, గాలి తేటగా ఉంటుంది, దక్షిణాన ఉన్న పెద్ద ఆల్ప్స్ శిఖరాలు వరుసగా కనబడతాయి.

ముందు లెక్క సంగతి. మనవాళ్లు ఇక్కడి దారిని కిలోమీటర్లలో కొలుస్తారు. కొండ దారిని కొలవాల్సింది ఎక్కే మీటర్లతో. జర్మనీలో వాడుకలో ఉన్న లెక్క ఇది: గంటకు 300 మీటర్ల ఎత్తు ఎక్కుతాం, 500 మీటర్లు దిగుతాం, చదునుగా అయితే 4 కిలోమీటర్లు నడుస్తాం. ఎత్తుకు పట్టే సమయం, దూరానికి పట్టే సమయం విడివిడిగా కట్టి, పెద్దదానికి చిన్నదాంట్లో సగం కలపాలి. 600 మీటర్ల ఎక్కుడు, 4 కిలోమీటర్ల దూరం ఉన్న దారి అయితే రెండు గంటలు, ఒక గంట. అంటే రెండున్నర గంటలు. ఇందులో విశ్రాంతి లేదు, ఫొటోలు లేవు, పులిహోర డబ్బా తెరిచే సమయం లేదు. దారి చూపే పసుపు బోర్డుల మీద రాసిన గంటలు కూడా ఆగకుండా నడిచేవారి గంటలే.

ఇక వెన్ను దారి. ఇమెన్‌ష్టాట్ నుంచి చైర్‌లిఫ్టులో మిట్టాగ్, 1451 మీటర్లు. అక్కడి నుంచి పడమరకు ష్టైనెబెర్గ్ 1660, ష్టూయిబెన్ 1749, బురాల్ప్‌కోప్ఫ్ 1772, గుండ్లెస్‌కోప్ఫ్ 1748, రిండాల్ప్‌హోర్న్ 1821, చివర హోఖ్‌గ్రాట్ 1834. అంకెలు చూస్తే మొత్తం మీద నాలుగు వందల మీటర్లు కూడా పెరగలేదనిపిస్తుంది. కానీ ప్రతి శిఖరం తర్వాతా దిగి మళ్లీ ఎక్కాలి. లిఫ్టులో మొదలుపెట్టినా వెయ్యి మీటర్లకు పైగా ఎక్కుడు ఉంటుంది. ఏడు నుంచి తొమ్మిది గంటలు పడుతుంది. వెన్ను మీద నీటి ఊట దొరుకుతుందని లెక్క వేసుకోకండి. మనిషికి కనీసం రెండు లీటర్లు మోయాలి.

కొత్తదారి, ఫ్రాంక్‌ఫర్ట్
నాదొక సందేహం. ఇవి రెండు వేల మీటర్లు కూడా లేని పచ్చిక కొండలు. జర్మనీలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం జుగ్‌ష్పిట్సె 2962 మీటర్లు, అక్కడ మంచు, బండలు ఉంటాయి కాబట్టి జాగ్రత్త అర్థమవుతుంది. ఆవులు మేసే చోటికి ఇంత తయారీ కావాలా?

బాటసారి, మ్యూనిక్
కావాలండీ. ఇది గట్టిగానే చెప్పాలి. ఈ కొండల్లో ప్రమాదం ఎత్తులో లేదు, వాలులో ఉంది. నిటారు పచ్చిక వాలు తడిసిందంటే కాలు జారినవాడు ఆగడు. బండ మీద పట్టుకోవడానికి అంచు దొరుకుతుంది, గడ్డిలో ఏమీ దొరకదు. చూడటానికి మెత్తగా, భద్రంగా ఉండటమే దాని అసలు ప్రమాదం.

అందుకే బోర్డుల మీది రంగులు చూడండి. నీలం గుర్తు ఉన్నవి సులభమైన కొండ దారులు. ఎరుపు అంటే ఇరుకుగా, ఎక్కువగా నిటారుగా ఉంటుంది, పడిపోగల చోట్లు ఉంటాయి. నలుపు అంటే ఇరుకు, నిటారు, పడితే ప్రాణాపాయం, చేతులు వాడాల్సిన చోట్లు. వెన్ను దారిని ఎరుపు స్థాయికి తక్కువగా ఎవరూ అనుకోకూడదు. తల తిరగని స్వభావం, గట్టి అట్ట ఉన్న బూట్లు, తడి లేని రోజు, ఈ మూడూ ఉంటేనే వెళ్లండి. ఒకటి లోపించినా ఆ రోజుకు వేరే దారి చూసుకోండి.

రాతిపొరలు, మ్యూనిక్
బాటసారి గారు చెప్పిన వాలుకు కారణం రాతిలోనే ఉంది. నేను చదివింది భూగర్భశాస్త్రం కాబట్టి కొంచెం విస్తరించి రాస్తాను, ఓపిక పట్టండి.

సుమారు 3 కోట్ల నుంచి 2 కోట్ల సంవత్సరాల కిందట ఆల్ప్స్ పైకి లేస్తున్నప్పుడు, అక్కడి నుంచి ఉత్తరానికి పారిన నదులు కొండల ముందున్న పల్లంలో గులకరాళ్లను, ఇసుకను పొరలు పొరలుగా పోశాయి. ఆ గులకలను సున్నపు బంక పట్టి అతికించింది. అదే నాగెల్‌ఫ్లూ. రాతి ముఖం వేరుశనగ చిక్కీలా ఉంటుంది, గింజకు గింజ వేరుగా కనబడుతుంది. తర్వాత ఆల్ప్స్ ఇంకా ఉత్తరానికి నెట్టడంతో ఈ పొరలు మడతపడి వాలాయి. ఈ వరుసలో పొరలు దక్షిణానికి వాలి ఉంటాయి. అందువల్ల దక్షిణం వైపు పచ్చిక పట్టిన వాలు, ఉత్తరం వైపు తెగ్గొట్టినట్టు నిలువు రాతి మెట్లు. వెన్ను మీద నడుస్తుంటే ఎడమకూ కుడికీ రెండు వేర్వేరు దేశాలు కనబడినట్టుంటుంది.

నడిచేవారికి ఇందులో ఉపయోగపడే సంగతి: పొడిగా ఉన్నప్పుడు ఈ రాయి అడుగును చక్కగా పట్టుకుంటుంది. తడిస్తే గుండ్రటి గులకలు జారతాయి, అక్కడక్కడ వదులై ఊడివస్తాయి. ఊడిన గులకలు బాట మీద పరుచుకున్న చోట దిగేటప్పుడు అడుగు చిన్నదిగా వేయండి. ఈ ప్రాంతమంతా 2008 నుంచి బవేరియాకూ ఆస్ట్రియాలోని ఫోరార్ల్‌బెర్గ్‌కూ ఉమ్మడిగా ఉన్న ప్రకృతి ఉద్యానం. ఇమెన్‌ష్టాట్ పక్కన బ్యూల్‌లో ఆల్ప్‌జే హౌస్ అనే సందర్శక కేంద్రం ఉంది. పెద్దవాళ్లను తీసుకెళ్లండి, ఈ రాతి కథంతా అక్కడ చూడవచ్చు.

సంధ్యారాగం, ఉల్మ్
గుండ్లకమ్మ గారూ, పెద్దవాళ్ల విషయం నేను చెబుతాను. మా అమ్మానాన్నలను తీసుకుని ఆ చుట్టుపక్కల బాగా తిరిగాను.

మొదటి రోజు ఎక్కడికీ ఎక్కించకండి. ఇమెన్‌ష్టాట్ నుంచి బ్యూల్ దగ్గరి పెద్ద ఆల్ప్‌జే సరస్సు దాకా నడక చాలు. ఒడ్డున బల్లలున్నాయి, అత్తయ్యగారు అలిసినప్పుడల్లా కూర్చోవచ్చు.

రెండో రోజుకు ఓబర్స్ట్‌డోర్ఫ్ దగ్గరి బ్రైటాఖ్‌క్లామ్ లోయ. నాకు ఆ ప్రాంతమంతటిలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అది. రెండున్నర కిలోమీటర్ల పొడవున నది కోసిన సన్నటి రాతి చీలిక. గోడకు ఆనించి కట్టిన బాట మీద నడుస్తుంటే కింద నీరు హోరెత్తుతుంది. ఒక గ్రామ పాదిరి పూనుకుని 1905లో దీన్ని జనానికి తెరిపించారు. 1995 సెప్టెంబరులో ఒక పెద్ద రాతిపలక విరిగిపడి నీటిని అడ్డగించింది. వెనుక చెరువులా నిలిచిన నీరు 1996 మార్చిలో ఒక్కసారిగా తెంచుకుని పోయి వంతెనలనూ కటకటాలనూ ఊడ్చేసింది. కింది ద్వారం నుంచి వెళ్తే మొదటి భాగం దాదాపు చదునుగా ఉంటుంది. అత్తయ్యగారిని అంతవరకు తీసుకెళ్లి వెనక్కి రావచ్చు. పైభాగంలో మెట్లున్నాయి, అవి మామయ్యగారికి. లోపల వేసవిలోనూ చలి, పైనుంచి తుంపర. శాలువా కాదు, వాన కోటు తీసుకెళ్లండి.

కేబుల్ కారులో ఎక్కి పైన చదునుగా తిరిగి మళ్లీ దాంట్లోనే దిగడం మోకాళ్లకు మంచిది. మోకాళ్లను బాధపెట్టేది దిగుడు, ఎక్కుడు కాదు. చాలామంది లిఫ్టులో పైకి పోయి నడిచి దిగుదామంటారు. నొప్పి ఉన్నవాళ్లకు అది తలకిందుల పద్ధతి.

తిండి గురించి ఒక మాట. కొండ మీది పశుపాలక గుడిసెల్లో చల్లటి మజ్జిగ దొరుకుతుంది, అత్తయ్యగారికి ప్రాణం లేచివస్తుంది. వేయించిన ఉల్లిపాయలతో కేస్‌ష్పాట్సెన్ అనే జున్ను (చీజ్) వంటకం మాంసం లేనిదే. అయితే సంప్రదాయ కొండ జున్నుకు పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. మీ ఇంట్లో నిష్ఠగా శాకాహారం పాటించేవారుంటే ఈ సంగతి ముందే చెప్పండి, తిన్న తర్వాత తెలియడం బాగుండదు.

గుండ్లకమ్మ, స్టుట్‌గార్ట్
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. అత్తయ్యగారికి జున్ను సంగతి చెప్పాను, మజ్జిగ చాలన్నారు. ఇంకో రెండు ప్రశ్నలు. ష్టైనెబెర్గ్ దగ్గర ఇనుప నిచ్చెన ఉందని చదివాను, తప్పించుకునే దారి ఉందా? హోఖ్‌గ్రాట్ చేరేసరికి ఆఖరి కేబుల్ కారు పోతే ఏం చేయాలి?

ఎత్తుపల్లాలు, కెంప్టెన్
నిచ్చెన నిటారుగా, చాలా మెట్లతో ఉంటుంది. దాన్ని చుట్టి వెళ్లే బాట ఉంది, సందేహం ఉంటే అదే తీసుకోండి.

మీ రెండో ప్రశ్న నిజానికి మొత్తం ప్రణాళికనే మార్చాలి. అందరూ మిట్టాగ్ నుంచి పడమరకు నడుస్తారు. కారు లేనివాళ్లకు నా సలహా ఎదురు దిశ. ముందు రోజు మధ్యాహ్నం ఓబర్‌ష్టౌఫెన్‌కు రైలు, అక్కడి నుంచి ష్టైబిస్ వైపు బస్సు, హోఖ్‌గ్రాట్ కేబుల్ కారు. శిఖరం కింద 1634 మీటర్ల ఎత్తులో కొండ నడిచేవారి సంఘమైన ఆల్పైన్ క్లబ్బు వారి వసతి గృహం ష్టౌఫ్నర్ హౌస్ ఉంది, రాత్రి అక్కడ పడుకోండి. తెల్లవారగానే తూర్పుకు నడవండి.

దీనివల్ల మూడు మేళ్లు. ఎత్తైన శిఖరాలన్నీ ఉదయమే అయిపోతాయి. మధ్యాహ్నం మబ్బు పట్టినా అప్పటికి మీరు ష్టూయిబెన్ దాటి తక్కువ ఎత్తుకు, చెట్ల దగ్గరికి వస్తుంటారు. పైనే పడుకున్నారు కాబట్టి తొలి లిఫ్టు కోసం ఎదురుచూపు లేదు, రెండు గంటల పగలు కలిసివస్తుంది. అన్నిటికన్నా పెద్దది: దారి ముగిసేది ఇమెన్‌ష్టాట్ ఊరి మీద. లిఫ్టు మూసినా మిట్టాగ్ నుంచి నడిచి దిగితే మీ ఇంటికే చేరతారు. పడమరకు వెళ్తే ఆఖరి కేబుల్ కారు, ఆఖరి బస్సు, రెండింటినీ అందుకోవాలి. అలిసిన మనిషి గడియారం చూసుకుంటూ పరుగెత్తే చోటే కాళ్లు జారతాయి.

బయలుదేరే ముందు రెండు లిఫ్టులూ నడుస్తున్నాయో లేదో వాటి సొంత పేజీల్లో చూసుకోండి. మరమ్మతుల కోసం రోజుల తరబడి మూస్తుంటారు.

బాటసారి, మ్యూనిక్
దిశ విషయంలో నాది కొంచెం వేరే అభిప్రాయం. ఆ దిశలో నిచ్చెన చివరి భాగంలో, దిగుతూ వస్తుంది. ఎక్కడం కన్నా దిగడం కష్టం, అప్పటికి ఏడు గంటలు నడిచిన కాళ్లు. రిండాల్ప్‌హోర్న్ నుంచి తూర్పుకు దిగే చోటు కూడా నిటారే. అలవాటు లేనివారికి పడమర దిశే నయమని నా నమ్మకం.

ఎత్తుపల్లాలు, కెంప్టెన్
నిచ్చెన గురించి మీరన్నది ఒప్పుకుంటాను. అందుకే తూర్పుకు వచ్చేవారు నిచ్చెన జోలికే పోకుండా చుట్టుదారి పట్టాలి, అది షరతుగానే పెట్టుకోండి. కానీ కారు లేని కుటుంబానికి ఇంటి వైపు నడవడమే మేలన్న మాట మీద నిలబడతాను. ఇంకొకటి, వెన్ను మధ్యలో వదిలేయగల చోట్లు ముందే మ్యాపులో గుర్తు పెట్టుకోండి. రిండాల్ప్‌హోర్న్‌కు రెండు వైపులా ఉన్న కనుమల నుంచి గున్‌ట్సెస్‌రీడ్ లోయ వైపు దిగవచ్చు. ష్టూయిబెన్ కింద గుండ్ ఆల్పె అనే పశుపాలక గుడిసె ఉంది, అక్కడా బాట దిగుతుంది. సగంలో దిగిపోవడం కూడా నిండైన నడకే.

పచ్చికబయలు, జోంట్‌హోఫెన్
నేను ఇక్కడే ఆసుపత్రిలో పని చేస్తాను, ఈ కొండల కిందే ఉంటాను. రెండు సంగతులు చేర్చాలనిపించింది.

పశువుల గురించి. మీరు దాటే తలుపులన్నీ మళ్లీ మూయాలి. దూడతో ఉన్న ఆవు దగ్గరికి వెళ్లకండి, తాకకండి. మనకు ఆవు కనబడితే చెయ్యి దానంతట అదే గంగడోలు మీదికి పోతుంది, ఇక్కడ వద్దు. మందను దూరంగా చుట్టి వెళ్లండి. సెప్టెంబరు మధ్యలో వేసవంతా పైన మేసిన పశువులను ఊళ్లలోకి దించే పండుగ జరుగుతుంది, ఫీషైడ్ అంటారు. బాడ్ హిండెలాంగ్‌లో సాధారణంగా సెప్టెంబరు 11న. ఆ వేసవిలో కొండ మీద ఏ పశువుకూ ప్రాణాపాయం కలగకపోతేనే ముందు నడిచే ఆవు తలకు పూల కిరీటం కడతారు. మీ మామగారు పాడి ఎరిగినవారైతే ఇది తప్పక చూపించండి. ఆ రోజు బస్సులు కిక్కిరిసి, రోడ్లు మూసి ఉంటాయి కాబట్టి వెన్ను నడకను ఆ తేదీన పెట్టుకోకండి.

రెండోది రీడ్‌బెర్గర్ హోర్న్, 1787 మీటర్లు. పక్కనున్న రీడ్‌బెర్గ్ కనుమ 1407 మీటర్లతో జర్మనీలో అన్నిటికన్నా ఎత్తైన కనుమ రోడ్డు. అక్కడి నుంచి సగం రోజులో హాయిగా వెళ్లి రావచ్చు. ఆ కొండకు ఒక పోరాటం ఉంది. 1972 నుంచి బవేరియాలో ఆల్ప్స్ ప్రణాళిక ఒకటి అమల్లో ఉంది. ఆల్ప్స్ ప్రాంతాన్ని మూడు మండలాలుగా విడదీసి, నలభై శాతానికి మించిన భాగంలో కొత్త లిఫ్టులూ రోడ్లూ వద్దన్నారు. రెండు స్కీ కేంద్రాలను ఈ కొండ మీదుగా కలపడం కోసం 2017లో ప్రభుత్వం ఆ గీతలనే మార్చింది. ఆల్పైన్ క్లబ్బు, ప్రకృతి సంఘాలు గట్టిగా ఎదిరించాయి. 2018లో ఆ పథకం విరమించారు. అక్కడ నల్ల కోళ్ల జాతి అడవి పక్షులు గూళ్లు కడతాయి. మంచు కాలంలో మనం వాటిని బెదరగొడితే శక్తి ఖర్చై చచ్చిపోతాయి. అందుకే బాట వదలకండి, డ్రోన్ ఎగరేయకండి. అక్కడి నిశ్శబ్దం కోసం జనం కొట్లాడారు, దాన్ని కాపాడటంలో మన వంతు కూడా ఉంది.

కొత్తదారి, ఫ్రాంక్‌ఫర్ట్
అందరి మాటలూ చదివాను. గడ్డి వాలు గురించి బాటసారి గారు చెప్పింది నాకు బాగా పట్టింది. నాకు ఒక్క రోజే సమయం ఉంది, తోడుగా ఇద్దరు మిత్రులు, అందరం బాగా నడుస్తాం. గ్రుంటెన్ ఎలా ఉంటుంది?

ఎత్తుపల్లాలు, కెంప్టెన్
ఒక్క రోజుకు గ్రుంటెన్ మంచి ఎంపిక. 1738 మీటర్లే, కానీ మైదానం అంచున ఒంటరిగా నిలబడి ఉంటుంది కాబట్టి ఆల్గోయ్‌కి కావలిదారు అంటారు. ఉత్తరాన మైదానమంతా, దక్షిణాన ఆల్ప్స్ అంతా ఒకే చోటి నుంచి చూడవచ్చు. బుర్గ్‌బెర్గ్ నుంచి ఎక్కితే దాదాపు వెయ్యి మీటర్ల ఎక్కుడు, అంతే దిగుడు. పైన ప్రసార గోపురం, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన పర్వత సైనికుల స్మారకం ఉన్నాయి. స్మారకం దగ్గరి చివరి భాగం ఇరుకు రాతి బాట. కొండ పాదాన ష్టార్ట్‌స్లాఖ్‌క్లామ్ అనే చిన్న లోయ ఉంది, దాని గుండా కూడా ఎక్కవచ్చు. మీరు ముగ్గురూ బలంగా ఉంటే ఆ దారి పట్టండి, విసుగుండదు.

రాతిపొరలు, మ్యూనిక్
ఒక రోజుతో తృప్తి లేనివారికి మాక్సిమీలియాన్స్‌వేగ్ ఉంది. బవేరియా రాజు రెండో మాక్సిమీలియాన్ 1858లో లిండావ్ నుంచి బెర్ఖ్‌టెస్‌గాడెన్ వరకు ఈ కొండల అంచు వెంట ప్రయాణం చేశాడు. దాదాపు అదే వరుసలో 350 కిలోమీటర్లకు పైగా సాగే దారి అది. హోఖ్‌గ్రాట్ వెన్ను, గ్రుంటెన్ పరిసరాలు దాని మీదే వస్తాయి. ఏడాదికి కొంచెం చొప్పున రైలు స్టేషను నుంచి రైలు స్టేషను దాకా నడిచేవారు చాలామంది ఉన్నారు.

బాటసారి, మ్యూనిక్
ఆపద విషయం ఎవరూ రాయలేదు. నంబరు 112. సిగ్నల్ లేకపోతే నిమిషానికి ఆరు సార్లు ఈల లేదా టార్చి వెలుగు, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరు సార్లు. నిమిషానికి మూడు సార్లు జవాబు వస్తే మీ సంకేతం అందినట్టు. ఇది తమ్ముడికీ నేర్పండి.

బీమా కూడా చూసుకోండి. షెంజెన్ వీసాకు తీసుకునే 30,000 యూరోల పాలసీలో కొండ మీది నుంచి రక్షించి తెచ్చే ఖర్చు ఉందో లేదో పెద్దవాళ్ల కాగితాల్లో చదవండి. మీకూ తమ్ముడికీ ఆల్పైన్ క్లబ్బు సభ్యత్వం తీసుకుంటే వెతుకులాట, రక్షణ ఖర్చు 25,000 యూరోల వరకు దాంట్లోనే ఉంటుంది, వసతి కూడా చవక. 1869లో మ్యూనిక్‌లో పుట్టిన సంఘం ఇది, ఈ బాటల్లో చాలావాటిని నిలబెడుతున్నది దాని స్వచ్ఛంద సేవకులే.

పచ్చికబయలు, జోంట్‌హోఫెన్
గడ్డిలో ఒంటికి పట్టే పిడుదుల సంగతి కూడా. బవేరియా, మీ బాడెన్-వుర్టెంబెర్గ్ రెండూ మెదడువాపు తెచ్చే పిడుదుల ప్రాంతాలే. ఇక్కడ నివసించేవారు టీకా వేయించుకోవడం మంచిది. ఒక్క సూదితో పూర్తి రక్షణ రాదు కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి. పెద్దవాళ్లకు పొడవు ప్యాంటు, మేజోళ్లు వేయించి, ఇంటికి రాగానే మోకాలి వెనుక, చంకల్లో చూడండి. పురుగు కరిచి ఉంటే నూనె, జిగురు పూయకుండా పట్టకారుతో చర్మానికి ఆనించి నిదానంగా లాగాలి.

గుండ్లకమ్మ, స్టుట్‌గార్ట్
ఇలా అనుకుంటున్నాం. తొలిరోజు సరస్సు, మర్నాడు అందరం బ్రైటాఖ్‌క్లామ్. మూడో రోజు మధ్యాహ్నం నేనూ తమ్ముడూ ష్టౌఫ్నర్ హౌస్‌కు, నాలుగో రోజు తూర్పుకు నడక, నిచ్చెన దగ్గర చుట్టుదారి. మా ఆయన అత్తయ్యగారితో ఉంటారు. మామయ్యగారు ఫీషైడ్ చూడాల్సిందే అంటున్నారు, తేదీ కుదిరితే మూడో రోజు ఉదయమే అది. వాన పడితే వెన్ను నడక మానేసి గున్‌ట్సెస్‌రీడ్ లోయలో తిరుగుతాం. వసతికి ముందే చెప్పాలా? ఏం తీసుకెళ్లాలి?

సంధ్యారాగం, ఉల్మ్
తప్పకుండా ముందే చెప్పాలి. సెప్టెంబరు శని, ఆదివారాల్లో మంచాలు చాలా ముందే నిండిపోతాయి. నాలుగో రోజు వారం మధ్యలో పడేలా తేదీలు జరపగలిగితే జరపండి. రాలేకపోతే రద్దు చేయడం మరచిపోకండి, ఆ మంచం ఇంకొకరికి దొరుకుతుంది. పలుచని బట్ట పడక సంచి, ఇంట్లో తొడిగే చెప్పులు, టార్చి, నగదు తీసుకెళ్లండి. రాత్రి పదికి దీపాలు ఆర్పుతారు. మీరు తెల్లవారకముందే లేస్తారు కాబట్టి సంచి రాత్రే సర్దుకుని, ప్లాస్టిక్ కవర్ల చప్పుడు లేకుండా గది బయట పెట్టుకోండి. ఉదయం ఫలహారం ఏ గంటకు మొదలవుతుందో ముందు రోజే అడగండి. ఆలస్యమైతే ఫ్లాస్కులో వేడినీళ్లు రాత్రే పోయించుకుని, రొట్టె కట్టించుకుని బయలుదేరవచ్చు.